తోక కొవ్వు వద్దన్న రోజు

బంగారుతల్లి ఉయంగకు,

నీ నుదురు మూచూసి, ముద్దాడి అమ్మ రాసేది. ఇక్కడ నేనూ, మీ నాన్నా, మందా, కుక్కా అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ పిల్లా ఈ శరత్తులో కొవ్వుపట్టి సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఈ పలకరింపు రాస్తుంటే ఈ ఏడాది నాకు నవ్వొస్తోంది. మనవాళ్ళు ఎదురుపడితే చాలు, మనిషినైనా గొర్రెనైనా ముందు అడిగేది కొవ్వుపట్టారా అనే గదా. ఆ మాటే నా కొంప ముంచినంత పని చేసింది. చెబుతాను, తొందరపడకు.

నువ్వు పంపిన ఉన్ని జోళ్ళు నాకు సరిపోయాయి. మీ నాన్నకు కాస్త వదులు. వంకరకొమ్ము మేక బతికే ఉంది, దాని పొగరూ బతికే ఉంది. ఇవన్నీ ఫోనులోనే చెప్పొచ్చుగా అంటావు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి. ఆ గాలికి నేను ఏడ్చినా నవ్వినా నీకు ఒకలాగే వినబడుతుంది. అందుకే జీపు డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. ఫొటోలో నాన్న బుగ్గలు లోపలికి పోయాయి, అమ్మా నువ్వు మరీ పిసినారితనం చేస్తున్నావా అని రాశావు. చదివి ఒళ్ళు మండింది. కడుపున పుట్టినదానివి, నువ్వూ ఆ మాటే అంటే ఎలాగే? పక్క గుడారం త్సెర్మా ఎప్పటినుంచో అదే పాట పాడుతోంది. "గొంబోసురేన్ ఇంట్లో కుక్కకి పండగ, మొగుడికి పస్తు" అని మీ నాన్న పేరు పెట్టి మరీ కనబడినవాళ్ళందరికీ చెప్పింది. అందులో అబద్ధమూ లేదు. మాంసం ఉడికాక పైన తేలిన పసుప్పచ్చటి కొవ్వంతా గరిటెతో తీసి నేను కుక్కకే పోస్తున్నాను. అది పీపాలా తయారైంది. మీ నాన్న నడుము పటకా ఇంకో చుట్టు తిరుగుతోంది.

ఎందుకో ఇప్పుడు రాస్తాను. కూర్చుని చదువు తల్లీ. వేసవిలో నాన్నకు మూత్రం సరిగా రావడం లేదని, నడుముకి చలిపట్టిందని రాశాను గదా. అది చలి కాదు. ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్. జిల్లా ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి చెప్పారు. భయపడకు, నెమ్మదిగా నడిచే రకమట. ఇప్పుడే కోతలొద్దు, రక్త పరీక్షలో అంకె ఎక్కుతుందేమో చూస్తూ ఉందాం అంది డాక్టరమ్మ. అంకె ఎక్కితే మాత్రం ఆపరేషన్. లేవబోతుంటే మళ్ళీ పిలిచి కొవ్వు సంగతి ఎత్తింది.

"జంతువుల కొవ్వు ఎక్కువగా తినేవాళ్ళలో ఈ జబ్బు తొందరగా ముదురుతుందని కొన్ని పరిశోధనల్లో కనబడుతోంది, పెద్దాయనా. ఖాయమని నేను ఒట్టేసి చెప్పను. కానీ తగ్గిస్తే పోయేదేం లేదు, గుండెకైనా మంచిదే."

"మా తాత గొర్రె తోక కొవ్వు తినే తొంభై ఏళ్ళు బతికాడమ్మా" అన్నాడు మీ నాన్న.

"మీ తాతకి ఈ జబ్బు లేదుగా?"

ఈయన టోపీ పెట్టుకుని లేచాడు. బయటికొచ్చాక నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. "ఎవరికీ చెప్పకే. మగాడి జబ్బు, సిగ్గుచేటు. పిల్లకి అసలే వద్దు." అదమ్మా సంగతి. ఆయన పథ్యం, నా నోటికి తాళం, ఊరి నోటికి మేత.

పోయిన వారం త్సెర్మా మనవరాలి పుట్టు వెంట్రుకలు తీసే వేడుకకి పిలిచారు. ఈ లోయలో అందరికంటే పెద్దవాడు మీ నాన్నే గదా, పళ్ళెం ఆయన ముందే పెట్టాలి. త్సెర్మా ఏం చేసిందనుకున్నావు? మందలోకల్లా బలిసిన గొర్రెను కోసి, కొవ్వు మూటలాంటి తోక ఉన్నదున్నట్టు నడుము భాగమంతా వండి, "తినండి బావగారూ, మా ఇంట్లోనైనా కడుపు నిండా తినండి" అంటూ నావైపు ఒక చూపు విసిరింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మీ నాన్న కత్తి తీశాడు. తోక నుంచి పొడవాటి తెల్లటి చీలిక కోశాడు. ఆయన తినేదాకా ఎవరూ ముట్టరు, అందరూ ఆయన చేతివైపే చూస్తున్నారు. వద్దంటే పెట్టినవాళ్ళ పొయ్యి మీద ఉమ్మినంత అవమానం. తింటే, ఈ ఒక్కటే కాదు, శీతాకాలమంతా ప్రతి గుడారంలోనూ తినాల్సిందే. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు విప్పితే ఒట్టు పోతుంది, విప్పకపోతే మొగుడు పోతాడేమో.

చీలిక నోటిదాకా వెళ్ళి ఆగింది. ఆయన దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఇది నాకొద్దు, త్సెర్మా."

త్సెర్మా మొహం కందిపోయింది. "ఏం, మా గొర్రె బక్కదా? లేక మీ ఆవిడ ఇక్కడ కూడా తిననివ్వదా?"

"దాన్నొక్క మాట అనకు" అన్నాడు మీ నాన్న. "నాకు కేన్సర్. కింద, మగాళ్ళకుండే గ్రంథిలో. కొవ్వు తగ్గించమంది డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని నేనే దీని నోరు కట్టేశాను. నా సిగ్గు కోసం ఇది పిసినారి పేరు మోసింది."

అప్పుడు పక్కన కూర్చున్న ముసలి లువ్సాన్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నువ్వు రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావు?"

"లెక్క పెట్టడం మానేశాను."

"నేనూ అంతే. బయట మంచులో నిలబడి నిలబడి... నన్ను చూసి మా కుక్కకే జాలేసి లోపలికెళ్ళి పడుకుంటోంది."

అంతే, గుడారమంతా ఒకటే నవ్వు. లువ్సాన్ పెళ్ళాం మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్ళూ నక్షత్రాలు చూడ్డానికి పోతున్నానని చెప్పావు గదరా ముసలోడా!" అని పెద్దపెట్టున అరిచింది. త్సెర్మా కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం మార్చి, కొవ్వు లేని భుజం మాంసం తెచ్చిపెట్టింది. ఆ తర్వాత నన్ను పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. ఇప్పుడు రోజూ ఎండిన పెరుగు గడ్డలు మోసుకొస్తోంది, వెన్న తీసినవే సుమా అని ప్రమాణాలు చేస్తూ.

మొన్న పెళ్ళాం పోరు పడలేక లువ్సాన్ కూడా మాతో పాటు ఆసుపత్రికి వచ్చాడు. అతనికి ఉన్నది వయసు మీద వచ్చే మామూలు వాపేనట, మాత్రలిచ్చారు. మీ నాన్న అంకె వేసవిలో ఎక్కడుందో అక్కడే ఉంది, ఒక్క పిసరు ఎక్కలేదు. "కొవ్వు తగ్గించినందుకేనా?" అని అడిగాను. "చెప్పలేనమ్మా. కానీ తగ్గించడం మాత్రం ఆపకండి" అంది డాక్టరమ్మ. నాకా మాట చాలు.

ఇంకొక్క సంగతి, నీలోనే ఉంచుకో. మీ నాన్నకు తోడుగా నేనూ కొవ్వు మానేస్తానని మాటిచ్చాను. మానలేదు. కొట్టం వెనక కుక్కకి పోస్తూ పోస్తూ రెండు ముక్కలు నా నోట్లోనూ పడుతున్నాయి. చలి మరి, ఏం చెయ్యను!

నాన్న ధైర్యంగా ఉన్నాడు, ఏమాత్రం భయపడలేదు. నువ్వూ భయపడకు. పరుగెత్తుకుని రావొద్దు, దారులు మూసుకుపోకముందు వీలైతే రా. పాపకి నా ముద్దులు.

ఇట్లు,
పిసినారి పేరు పోగొట్టుకున్న
మీ అమ్మ దుల్మా

అమ్మా ఉయంగా, నాన్నను. కవరు అతికించే ముందు చదివి వినిపించమంటే మీ అమ్మ ఒక ముక్క దాటేసి చదివింది. తను పొయ్యిలోకి పిడకలు తేవడానికి వెళ్ళినప్పుడు ఆ ముక్క నేనే చదివాను. కొట్టం సంగతి నాకు ముందే తెలుసు, తిననీ. ఆ కింద రాసింది మాత్రం తప్పు. నేను భయపడ్డాను. నీకు చెప్పొద్దన్నది సిగ్గుతో కాదు, నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది. ఇప్పుడు నీకు తెలిసింది. ఈ రాత్రి నిద్ర పడుతుందనుకుంటాను.