మడతలో ఇద్దరక్కలు

అక్కా,

ఆదివారం నాచారం లైబ్రరీలో పెట్టే ప్రదర్శనకు నా కాగితం బొమ్మను తీసుకున్నారు! ఉప్పల్ మెట్రో మెట్ల కింద నీ మిర్చి బండిని, నిన్నూ ఒకే నల్లకాగితంలో కత్తిరించాను. మా బట్టల కంపెనీలో చొక్కా ప్యాటర్న్‌ను కాగితం మడిచి కత్తిరిస్తాం కదా, అదే అలవాటులో దీన్నీ మడిచేశాను. విప్పి చూస్తే నడుమ కడాయి, అటు నువ్వు, ఇటూ నువ్వే!

పారేయబోతే నా పక్కన పనిచేసే గౌతమి లాక్కుంది. "ఏందే, పారేస్తవా? గా రెండోది నువ్వేనే. నీ లగ్గానికి ముందు మీ అక్కకు ఎదురుంగ నిలవడి ఉల్లిగడ్డలు కోసింది ఎవలు?" అంది.

అందుకే బొమ్మ కింద 'అక్కాచెల్లెళ్లు' అని రాయించాను. ఆదివారం గిరాకీ ఎక్కువని తెలుసు. అయినా ఒక్క గంట బండి బావకు అప్పగించి రా. నేనొక్కదాన్నే నిలబడితే రెండో మనిషి ఎక్కడని అందరూ అడుగుతారు.

నీ చెల్లి