ఐదు అంకెలిస్తే ఆరు

జూలై 7, సోమవారం
అడ్వాన్స్‌డ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మొదటి క్లాసు. ఈ కోర్సుకు ముందే రావాల్సినవి బోర్డు మీద రాశాను. డేటా స్ట్రక్చర్లు, కోడ్‌ని పరీక్షించే టెస్టులు రాయడం, వేరేవాళ్ళ కోడ్ చదివి తప్పు పట్టడం. "ఇవన్నీ వచ్చా?" నలభై రెండు చేతులూ లేచాయి. వెర్రిదానిలా మురిసిపోయాను.

జూలై 9
పరీక్ష పెట్టాను. చిన్న ప్రోగ్రాం, అందులో ఒక తప్పు. దాన్ని పట్టే టెస్టు ఒక్కటి రాయమన్నాను. రాసింది పదకొండు మంది. మిగతా వాళ్ళంతా 'టెస్టింగ్ అనగానేమి' అని నిర్వచనం రాశారు. స్కేలు పెట్టి అండర్‌లైన్ కూడా! ఒళ్ళు మండిపోయింది.

జూలై 10
హెచ్ఓడీ ఉత్తర్వు. పునాది లేనివాళ్ళ జాబితా వచ్చే శుక్రవారానికల్లా నా సంతకంతో ఇవ్వాలి. వాళ్ళకి ఈ కోర్సు వచ్చే ఏడాదే. ముప్పై ఒక్క మంది... అందులో సుధ. పక్క ఊరు అన్నూరులో మగ్గాల ఇంటి పిల్ల, ఇంతమంది తమిళం వాళ్ళలో బస్సులో నాతో తెలుగు మాట్లాడేది. ఈ కోర్సు ఈ ఏడాదే పూర్తిచేస్తేనే దానికి దొరికిన ఉద్యోగం నిలుస్తుంది.

జూలై 12
సుధ ల్యాబ్ రికార్డు తెచ్చి చూపించింది. "నాకు ఫుల్ మార్కు మేడం, చూడండి." ముత్యాల్లాంటి అక్షరాలు. ఏడో ప్రోగ్రాం, అంకెల్ని వరుసలో పెట్టేది. ఇచ్చినవి ఐదు అంకెలు, జవాబులో ఆరు! దాని కింద ఎర్రసిరాతో సంతకం. నాదే.
"దీన్ని రన్ చేసినావా?"
"లేదు మేడం. సీనియర్ అక్క రికార్డు చూసి రాసినాము. అందరూ అట్లానే రాసేది."
రెండేళ్ళ కిందట, అంతకు ముందూ ఆ ల్యాబ్ నాదే. ఆఖరి రోజున రికార్డులు గుట్టగా వచ్చేవి. కబుర్లు చెప్తూ సంతకాలు పెట్టాను. ఆ సీనియర్ రికార్డులోనూ ఆరే ఉండుంటాయి. దాని మీదా నా సంతకమే ఉండుంటుంది. సిగ్గేస్తోంది.

జూలై 14
"ఏమిమ్మా, కూడు ముందర కూకోని ఎవరిని తిడతా ఉండావు?" అంది అమ్మ.

జూలై 15
భోజనం వేళ సుధను ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. ఏడో ప్రోగ్రాం రన్ చేయించాను. మూడో లైన్లోనే ఆగిపోయింది. సాయంత్రానికి తనే ఒక టెస్టు రాసింది, తప్పు పట్టింది, దిద్దింది. "వచ్చేసె మేడం!" అని ఎగిరింది. ఒక్క పూట పని! దీనికి రెండేళ్ళు పట్టించాం. ఇంకా ముప్పై మంది ఉన్నారు.

జూలై 17
మూడు వారాలు ల్యాబ్ ఇవ్వండి, అందరికీ నేర్పిస్తానని హెచ్ఓడీని అడిగాను. ఆయన తమిళంలో, మెల్లగా... "మరి అప్పుడు వీళ్ళని పాస్ చేసిందెవరని అడిగితే ఏం చెప్తావమ్మా?" మూడు వారాల మాట వదిలేసి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం.

జూలై 18, శుక్రవారం
పొద్దున గేటు దగ్గర సుధ. "లిస్టులో నా పేరు ఉండాదా మేడం?" బ్యాగు సర్దుకుంటూ లోపలికి నడిచాను. వెంటే వచ్చి, "ఆరు అంకెలుండేది అప్పుడు మీరు చూడలేదా మేడం?" ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నాలుగున్నర. ఐదింటికి ఇవ్వాలి. స్టాఫ్‌రూంలో ఎవరికీ తెలుగు చదవడం రాదు, అందుకే ఈ డైరీ బల్ల మీదే పెట్టి రాస్తున్నాను. జాబితా ముందుంది. కింద సంతకానికి చోటు. పెన్ను మూత తీశాను.

ఈసారి చదువుతున్నాను, ఒక్కో పేరూ. ఇంకా సుధ దగ్గరికి రాలేదు...