గెడ్డానికి మాస్కు

జూన్ 4
మనవరాలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసింది! నెలలు నిండకుండా పుట్టింది కదా, పిచ్చుకంత ఉంది. ఎత్తుకునేవాళ్లు మాస్కు పెట్టుకోవాలని డాక్టరుగారి ఆజ్ఞ. ముక్కూ నోరూ రెండూ మూయాలి. ముందువైపు ముట్టుకోకూడదు. చెవుల దగ్గర తాళ్లు పట్టుకుని తీయాలి. వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. ఓస్, ఇంతేనా! ఊళ్లోంచి జబ్బు మోసుకురాకుండా బయట కూడా పెట్టుకుంటాను. భీమవరంలో నన్ను మించినవాడు ఉండకూడదు.

జూన్ 5
ఉదయం: అద్దం ముందు సాధన. ముక్కు మీద తీగ నొక్కాను. అచ్చం సర్జన్నే. మా ఆవిడ సూర్యకాంతం పడీపడీ నవ్వింది.
సాయంత్రం: పాప నా వేలు పట్టుకుంది. రొయ్యల చెరువుకు వెళ్లడమే మర్చిపోయాను.

జూన్ 7
ఉక్క. కళ్లజోడు నిండా ఆవిరి. ముక్కు కాస్త బయటపెట్టాను. మాట్లాడేది నోటితోనే కదా.

జూన్ 9
చెరువు మీద నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోత. కాపలా ఉండే వీరబ్రహ్మానికి నా మాట వినపడలేదు. మాస్కు గెడ్డం కిందికి లాగాను. అతను దగ్గుతూ జవాబిచ్చాడు. టీ తాగాం. రొయ్యల మేత పట్టుకున్న చేత్తోనే మళ్లీ పైకి లాగాను.

జూన్ 11
నిన్నటి మాస్కు జేబులో దొరికింది. బాగానే ఉంది, పెట్టేసుకున్నాను. కొత్తదేనా అని మా అమ్మాయి, పాప తల్లి కీర్తిప్రియ అడిగింది. తల ఊపాను. నోటితో చెప్పలేదు కాబట్టి అబద్ధం కాదు.

జూన్ 13
ఉదయం: తుమ్ము. దుమ్ము వల్లే.
మధ్యాహ్నం: వరసగా తుమ్ములు. ఈరోజు దుమ్ము ఎక్కువ.
సాయంత్రం: జ్వరం. కీర్తి నన్ను గుమ్మంలోనే ఆపేసింది.
"మీరు మాస్కు పెట్టింది గెడ్డానికి, నాన్నగారూ. దానికేం జబ్బు రాదండి."
నవ్వబోయి దాని కళ్లు చూసి ఆగిపోయాను. ఆసుపత్రిలో అద్దం ఇవతల నిలబడి పాపను చూసుకున్న కళ్లవి.

జూన్ 14
మేడ మీద గదిలో ఒక్కణ్ణే. కింద పాప ఏడుపు. ఆకలా? జ్వరమా? నేను చేసిందేనా?

జూన్ 15
పాపను డాక్టరుగారికి చూపించారు. ఏమీ లేదన్నారట! గదిలో గంతులేశాను. చప్పుడుకి సూర్యకాంతం పైకొచ్చి, తలుపవతల నుంచే చివాట్లు పెట్టింది.

జూన్ 23
జలుబు పూర్తిగా తగ్గింది. ఎత్తుకోవచ్చన్నారు. చేతులు కడిగాను. కొత్త మాస్కు. కీర్తి ముక్కు నుంచి గెడ్డం దాకా పరీక్షగా చూసి, పాపను నా చేతుల్లో పెట్టింది.
సరిగ్గా అప్పుడే ముక్కు దురద. ప్రాణం పోయేంత దురద. పాప నాకేసి చూస్తూ ఆవలించి నిద్రపోయింది.
గోక్కోలేదు.
నా మాస్కుకి ఇవాళ మళ్లీ మొదటి రోజు.