రింగు అతికించిన బంగారు కాసు

బాఖరాఖ్ ఊరి కాపురస్థురాలిని, డెబ్భై ఎనిమిదేళ్ళ హెడ్విగ్ లోర్షర్ అనే నేను, కాలు కుంటిదైనా తల సవ్యంగానే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా. లోగడ రాసినవన్నీ రద్దు.

1. నాకు పిల్లలు లేరు. ఇల్లు, సామాను, బ్యాంకు డబ్బు నా చెల్లెలు గెర్డా కూతురు ఆన్నెగ్రెట్‌కు చెందాలి. అమలు బాధ్యత మా నాణేల సంఘం కార్యదర్శి ఎగోన్ ఫెట్‌ది.

2. గెర్డాకు అమ్మ ప్లమ్ కేకు కాల్చే రేకు పళ్ళెం. అమ్మ పోయినప్పటినుంచి ఆ పళ్ళెం మీదే దాని కన్ను.

3. వెనకటికి రైన్ ఒడ్డున నలుగురు ప్రభువులు ఒకే తూకంతో ముద్రించిన గుల్డెన్ అనే బంగారు కాసులు నేను సేకరించాను. మైంజ్, ట్రియర్, కొలోన్ కాసులు మ్యూజియానికి. కాసుల పెట్టెలో నాలుగోదైన ఫాల్జ్ కాసు గుంట ఖాళీ. వేరే కాసుతో నింపకూడదు. కొనలేక వదిలేసింది కాదు. అది మా ఊళ్ళోనే ముద్రించిన, మా నాన్నకు ద్రాక్షతోట తవ్వుతుంటే దొరికిన కాసు చోటు.

4. ఆ కాసు మా అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉమ్మడి. గెర్డా నన్నడక్కుండా దానికి రింగు అతికించి, చర్చిలో ఆన్నెగ్రెట్ కన్ఫర్మేషన్ వేడుక నాడు దాని మెడలో వేసింది. కాసులు సేకరించేవాళ్ళకు అంతకన్నా ఘోరం లేదు. "బంగారంలాంటి కాసు పాడుచేశావు కదే!" అన్నాను. "నాన్న తవ్వి తీసింది నువ్వు పెట్టెలో తాళం వేసుకోవడానికా? పోవే!" అంది. అంతే, మా మధ్య మాటలు పోయాయి.

5. ఆ కాసులో నా సగం వాటా ఆన్నెగ్రెట్‌కు, రింగుతో సహా. కొలోన్ వ్యాపారి బిర్కెనార్ రింగు ఊడదీసి మచ్చ మాపుతానంటూ వస్తాడు. గుమ్మం ఎక్కనివ్వకండి. కాసు మెడలోనే ఉండాలి.

కారణం చెప్పాలి. మొన్న చలికాలం తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంటే, ఆన్నెగ్రెట్ నా దిండు సర్దడానికి వంగింది. కాసు జారి నా చెంపకు తగిలింది. దానిమీద ముద్రించిన బాప్తిస్మమిచ్చే యోహాను ముఖం మెడలో రాసుకుని అరిగిపోయింది. నా కాసులన్నీ అంచులు పట్టుకునే ఎత్తాను, ఒక్కటీ వెచ్చగా తగల్లేదు. ఇది వెచ్చగా ఉంది. ఏడుపు ఆగలేదు.

6. చేతిరాత వీలునామాకు చట్టం సాక్షులను అడగదు. అయినా చదివి సంతకం పెట్టమని ఇద్దరికి పంపుతున్నాను. గెర్డా పెడుతుందో, చించేస్తుందో. పెడితే బాగుండును.

బాఖరాఖ్, 9 సెప్టెంబరు 1991
(సంతకం) హెడ్విగ్ లోర్షర్

సాక్షులు:
ఎగోన్ ఫెట్
గెర్డా హిల్గర్ట్. చదివాను. పళ్ళెం కోసం నువ్వు పోయేదాకా ఆగుతానా అక్కా? ఆదివారం వస్తున్నా, కడిగి పెట్టు. ప్లమ్స్ నేను తెస్తా.