మూడు వందల మెట్లు, ఎవరి పేరున?

కొండ మీది ఊరు,
మంగళవారం

మా ఆవిడకి,

ప్రభువు దయవల్ల క్షేమంగా చేరాను. నీ కాలు విరక్కపోతే ఈ యాత్ర నీదే. చర్చివాళ్ళ బస్సులో నువ్వు రాయించుకున్న సీట్లో కూర్చున్నంతసేపూ మనసు పీకుతూనే ఉంది. ఊరంతా రాతిగోడలు, ఇరుకు సందులు. నిటారుగా మూడు వందల మెట్లు, పైన ఎనిమిది వందల ఏళ్ళ నాటి చర్చి. రాలేనివాళ్ళ కోసం ఇంకొకరు ఎక్కవచ్చట, మెట్టుకొకసారి వాళ్ళ పేరు పలుకుతూ. రేపు నీ కాలి కోసం ఎక్కుతాను.

నాకు బస ఇచ్చినావిడ రొట్టెలు చేసి అమ్ముతుంది. ఒంటరి మనిషి. ఆ రొట్టె, అబ్బ, దూదే!

నీ గడియారాల మేస్త్రి

తా.క.: నీ రొట్టె కూడా గుర్తొచ్చింది. దానికి పళ్ళు గట్టిగా ఉండాలి.

*

ఇల్లు,
శుక్రవారం

శ్రీవారికి,

కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని, కుట్టుమిషను ముందు కూర్చుని రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు నా రొట్టె తిన్న పళ్ళు ఇప్పుడు నొప్పెట్టాయా? ఆవిడ వయసెంత? జుట్టు నెరిసిందా, రంగేస్తుందా? అసూయ అనుకునేరు. ఊరికే తెలుసుకుందామని.

మీ కుంటి ఇల్లాలు

తా.క.: దూది తింటే అరగదు.

*

కొండ మీది ఊరు,
సోమవారం

మా ఆవిడకి,

నీ కోసం ఎక్కాను. మొదటి యాభై మెట్లూ నీ పేరు పైకే పలికాను. తర్వాత ఆయాసం వచ్చి మనసులో అనుకున్నాను. దేవుడికి వినబడుతుందిలే.

సాయంత్రం మళ్ళీ ఎక్కాను. ఇంటావిడకి రెండు మోకాళ్ళూ పనిచెయ్యవు, పదేళ్ళుగా పైకి వెళ్ళలేదట. అడిగితే కాదనలేకపోయాను. కింద నిలబడి వింటోంది కనక చివరిదాకా గట్టిగా అరుస్తూనే ఎక్కాను.

కాళ్ళు పీకుతున్న నీ మేస్త్రి

తా.క.: వయసు అడగలేదు. నీకన్నా చిన్నదిలా ఉంటుంది.

*

ఇల్లు,
గురువారం

గడియారాల మేస్త్రి గారికి,

నాకేమో మనసులోనా? ఆవిడకేమో కొండ దద్దరిల్లేలాగానా? ఒళ్ళు మండిపోతోంది. అవును, అసూయే! ఆ మంటలో ఇవాళ ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టాను. ఉన్నపళంగా బయల్దేరి రండి.

ఎవరో ఒకావిడ

తా.క.: చర్చివాళ్ళ రెండో బస్సులో సీటుంది. కనుక్కున్నాను.

*

మన గుమ్మం,
ఆదివారం

మా ఆవిడకి,

నీ మాట ప్రకారం పరుగున వస్తే ఇంటికి తాళం! కట్టుకాలితో బస్సెక్కావట, పొరుగావిడ చెప్పింది. నా మీద నమ్మకం లేకపోయిందా? అక్కడ నేనేమీ సుఖపడలేదు. మెట్లెక్కిన సాయంత్రం నుంచి ఇంటావిడ నాతో మాట మానేసింది. మాడిన రొట్టె పెట్టింది. ఎందుకో నా బుర్రకెక్కలేదు.

గుమ్మంలో కూర్చున్న నీ మేస్త్రి

తా.క.: తాళంచెవి ఎక్కడ పెట్టావు?

*

కొండ మీది ఊరు,
బుధవారం

శ్రీవారికి,

చంకలో కర్రతో దిగి, ఆవిడ తలుపు దబదబా బాదాను. తీసి, నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, ఆ మహాతల్లివి నువ్వేనా!" అంది. నాకు ఆవిడ మీద ఎంత మంటో, ఆవిడకి నా మీద అంతకు రెట్టింపు. తిన్న ప్రతిసారీ "మా ఆవిడ రొట్టె ముందు ఇదెంత" అన్నారట!

ఇక మెట్ల సంగతి. వంద మెట్లదాకా ఆవిడ పేరే అరిచారట. ఆయాసం రాగానే అలవాటుకొద్దీ నా పేరు అందుకున్నారట. మిగతా రెండు వందల మెట్లూ నా పేరే, కొండంతా వినబడేలా. మీకు తెలియనే తెలియదు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మిమ్మల్ని తిడుతుంటే నాకు ఏడుపొచ్చింది. కుళ్ళుకున్నందుకు సిగ్గేసింది.

ఒక్కటి అడుగుతాను. ఎదురుగా లేనివాళ్ళనే మెచ్చుకోవాలని మీకెవరు చెప్పారండీ? ఇరవై రెండేళ్ళలో ఒక్క మంచిమాట నాతో అంటే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?

వారం ఉండి వస్తాను. మా ఇద్దరికీ కలిపి పనికొచ్చే కాలు ఒక్కటే, అయినా రోజు గడిచిపోతోంది. తాళంచెవి పొరుగావిడ దగ్గరే ఉంది. మీరు అడగలేదు, ఆవిడ ఇవ్వలేదు.

మీ ఇల్లాలు

తా.క.: పొద్దున్న రొట్టె నేనే చేశాను. ఆవిడ తిని, "చాలా బావుందమ్మా" అంది. నా ఎదురుగానే!