చేతిలో పార

1998 జులై, శుక్రవారం

ఈ రోజు లా కాలేజీలో మేమంతా కలిసి రఫీకి ఉరిశిక్ష వేశాం. ఉత్తుత్తి కోర్టే. మన దేశంలో జ్యూరీలు ఎప్పుడో పోయాయి, అవెలా పనిచేసేవో చూడండంటూ క్రిమినల్ లా సారు మా పన్నెండు మందిని జ్యూరీగా కూర్చోబెట్టారు. రఫీ ముద్దాయి. కాలువ నీళ్ల తగాదాలో పక్క పొలం రైతును చంపాడని కేసు. నేరం చేశాడని అందరూ ఒప్పుకుంటే ఉరి. ఒక్కరు కాదన్నా చర్చ సాగాలి.

సాక్ష్యం ఒక్కటే. ఆ రాత్రి అతను పార పట్టుకుని గట్టు మీద వెళ్తుంటే ఎవరో చూశారు. "అర్ధరాత్రి పారతో పనేంటి?" అంది సునీత. తను పుట్టి పెరిగింది బెజవాడలోనే. పదకొండు చేతులు లేచాయి. పొలానికి కాలువ నీళ్ల వంతు రాత్రిపూట వస్తే, గట్టు తెరిచి నీళ్లు మళ్లించడానికి ఎవరైనా పారతోనే వెళ్తారని మా పన్నెండు మందిలో తెలిసింది నాకొక్కదానికే. చెబుదామని నోరు తెరిచాను. గడియారం కనిపించింది. ఐదింటి కంకిపాడు బస్సు పోతే మళ్లీ గంట నిలబడాలి. చెయ్యెత్తేశాను.

మెట్ల దగ్గర రఫీ నవ్వుతూనే అన్నాడు: "ఇంట్లో వ్యవసాయం ఉన్నదానివి, నువ్వైనా అడ్డుపడతావనుకున్నా."

నాటకమే కదా అని బస్సులో పదిసార్లు అనుకున్నాను. నిజం కోర్టులో మాత్రం ఎవరికీ ఇంటికెళ్లే తొందర ఉండదా...

అన్నం తిన్నాక నాన్న "మన వంతు వచ్చిందంట, నీళ్లు పెట్టొస్తా" అంటూ పార భుజాన వేసుకుని వెళ్లాడు. ఇంకా రాలేదు. దారిలో ఆయన్ని ఎంతమంది చూసి ఉంటారో.