పసుపు పెట్టిన చీర

ధర్మవరం, శ్రావణ శుక్రవారం, 2004

రేపు ఉదయం నాగరాజు పట్టుచీరల అంగడికి కేబుల్ టీవీవాళ్లు ప్రకటన తీయడానికి వస్తారు. అందుకే ఈ సంగతి ఈ రాత్రే రాసి తేల్చుకోవాలి.

పోయిన వారం బుక్కపట్నం నుంచి ఒక తల్లి పెళ్లిచీర వెనక్కి తెచ్చింది. కొంగు మూలకు అప్పటికే పసుపు పెట్టారు. అలాంటి చీరను మరో పెళ్లికూతురి కోసం ఎవరూ కొనరు.

"పెండ్లి నిలిచిపాయప్పా," అని మాత్రం అంది.

నాగరాజు, వ్యాపార సలహా కోసం వచ్చి పక్కనే కూర్చున్న నా వైపు చూశాడు. తీసుకోమని తల ఊపాను. అతను కారణం అడగకుండా డబ్బు ఇచ్చి, ఆమెకు మజ్జిగ తెప్పించాడు. ఈ మాట బయటికి చెప్పవద్దని ఆమె కోరలేదు. కోరవలసిన అవసరం ఉంటుందని ఆమెకు తోచి ఉండదు.

కొనేవారి మనసు తెలుసుకొని మెలిగితేనే అంగడి పేరు నిలుస్తుందని అతనికి ఏడాదిగా సలహా ఇస్తున్నది నేనే. ఇప్పుడు ఆ చీర వెనక్కి తీసుకున్న సంగతినే ప్రకటనలో చెబుతానంటాడు.

"ఆమె పేరు చెప్పను, ఊరు చెప్పను. నేనేమన్నా అబద్ధం చెప్తాండానా సార్? ఇంత చేసి నోరు మూసుకోమంటారా?"

"పెండ్లి నిలిచిపోయిన ఆ పిల్ల కూడా టీవీ చూస్తుంది కదప్పా," అన్నాను.

అతను పసుపు మూల లోపలికి మడిచి, చీరను బీరువా పైఅరలో పెట్టాడు.

రేపు కెమెరా ముందు అతను ఏం చెబుతాడో నాకు తెలియదు.